ఉన్ని బట్టల చిల్లులకు సూదితో మాసికలు: పదిహేను చిల్లుల డైరీ

బెంగళూరు, రామమూర్తినగర్. నవంబరు 9 నుంచి జనవరి 25 వరకు.

ఇంట్లో ఉన్ని బట్టలకు పడ్డ చిల్లులను ఫెల్టింగ్ సూదితో, అంటే ఉన్నిని పొడిచి అట్టకట్టించే సూదితో, పూడ్చిన లెక్క ఇది. ఏ సూది వాడాను, ఎన్ని గ్రాముల ఉన్ని పట్టింది, ఎక్కడ పాడు చేశాను, మళ్ళీ ఎలా సరిచేశాను అన్నవన్నీ రాస్తున్నాను. ఇలాంటి పనే మీకూ పడితే నా తప్పులు మళ్ళీ చేయకుండా ఉండడానికి పనికొస్తుంది.

1వ దశ: లెక్క, ఫ్రీజరు (నవంబరు 9 – 23)

ట్రంకుపెట్టె తీసేసరికి కలరా ఉండలు కరిగిపోయి ఖాళీ కాగితం పొట్లం మిగిలింది. బట్టలన్నీ కిటికీ దగ్గర పరిచి, స్కేలు పెట్టి చిల్లులు కొలిచాను.

- నాన్న బూడిదరంగు చేతుల్లేని స్వెట్టర్: 7 చిల్లులు. చిన్నది 3 మిల్లీమీటర్లు, పెద్దది 14.
- అమ్మ మెరూన్ స్వెట్టర్, ముందు బొత్తాలున్నది: 2 చిన్న చిల్లులు, ఒక మోచేయి అరిగి జల్లెడ.
- అత్తయ్య ఇచ్చిన సన్నటి శాలువా: 2.
- తాత కంబళి: 2. ఒకటి నిప్పురవ్వ పడి కాలింది, 45 × 30 మిల్లీమీటర్లు. ఇంకోటి ఎలుక కొట్టింది, 12 మిల్లీమీటర్లు.
- నా కాలేజీ రోజుల నీలం స్వెట్టర్: 1. మేకుకు తగులుకుని చిరిగింది.

మొత్తం 15.

నాన్న స్వెట్టర్‌కు పడ్డ ఏడింటిలో అయిదు ఛాతీ మీదే, కాఫీ ఒలికే చోట. రెక్కలున్న చిమ్మట బట్టను తినదు, దాని పిల్లపురుగు తింటుంది. చీకట్లో ఎవరూ కదపని చోట, చెమట, తిండి మరకలున్న ఉన్ని దానికి ఇష్టం. ఉతక్కుండా దాచడమే మేము చేసిన తప్పు.

పురుగు బతికుండగా మాసిక వేస్తే కొత్త ఉన్నిని కూడా తింటుంది. అందుకే ముందు ఇది:

1. బట్టను దులిపి, కుట్ల సందుల్లో పాత టూత్‌బ్రష్షుతో దువ్వాలి. గుడ్లు అక్కడే ఉంటాయి.
2. గాలి తీసేసి జిప్ కవర్లో మూయాలి.
3. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి.
4. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లని బట్ట మీద నీళ్ళై కూర్చుంటుంది.

కంబళి ఫ్రీజర్లో పట్టదు. దానికి పురుగు ఆనవాళ్ళు కూడా లేవు. మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి, తిరగేసి దువ్వాను. నవంబరు కదా, రెండు రోజుల ఎండ కోసం వారం కాచుకోవాల్సి వచ్చింది.

ఇప్పటికి: ఖర్చు 90 రూపాయలు (కవర్లు). పూడినవి 0/15.

2వ దశ: నీలం స్వెట్టర్, పూర్తిగా విఫలం (నవంబరు 15 – 16)

కొన్నవి: 36, 38, 40 నంబరు సూదులు అయిదేసి, 420 రూపాయలు. దువ్విన మెరినో గొర్రె ఉన్ని పది రంగులు, ఒక్కోటి 5 గ్రాములు, 650. సోఫాలు కుట్టే షాపులో మిగిలిన రెండంగుళాల గట్టి ఫోమ్ ముక్క, 30.

ఈ సూదికి కన్ను ఉండదు, దారం ఎక్కదు. ఒళ్ళు పలకలుగా ఉంటుంది, ఆ పలకల అంచుల మీద మొన వైపుకి దిగే చిన్న చిన్న గాట్లు ఉంటాయి. దిగేటప్పుడు గాట్లు ఉన్ని పోగులను పట్టుకుని లోపలికి లాక్కెళ్తాయి, పైకి వచ్చేటప్పుడు వదిలేస్తాయి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి కాబట్టి, ఒకసారి చిక్కుపడ్డ పోగులు మళ్ళీ సులువుగా విడిపోవు. నూనె లేని జుట్టు అట్టకట్టినట్టు అట్టకడతాయి. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది.

చిల్లు కింద ఫోమ్ పెట్టి, పైన నీలం ఉన్ని పరిచి, 38తో పొడిచాను. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. చూడడానికి బాగానే కుదిరింది. మర్నాడు గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, తువాలులో చుట్టి పిండితే మాసిక ఒక బిళ్ళలాగా ఊడి చేతిలోకి వచ్చింది.

అప్పుడు చేశాను, మొదట్లోనే చేయాల్సిన పరీక్ష. కుట్టు లోపలి నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లతో అంటించాను. కరిగి, నల్లటి గట్టి పూస అయింది. అంటే యాక్రిలిక్, ఉన్నిలా కనిపించే కృత్రిమ పోగు. తర్వాత ఫ్రీజర్లోంచి తీశాక నాన్న స్వెట్టర్ పోగు అంటిస్తే జుట్టు కాలిన వాసన వచ్చింది, మంట తీయగానే ఆరిపోయింది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడైపోయింది. అదీ ఉన్ని.

యాక్రిలిక్ పోగుకు పొలుసులు లేవు. సూది దాన్ని లోపలికి నెట్టగలదు కానీ అక్కడ పట్టి ఉంచేది ఏమీ లేదు. పక్కనే ఉన్న నాలుగు బట్టల్లో మూడింటిని పురుగు తిని దీన్ని ముట్టుకోలేదంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

దీన్ని మామూలు సూదీ దారంతో లూపులు కలిపి కుట్టేశాను. పది నిమిషాలు.

ఒక సూది విరిగింది. దిగిన కోణంలోనే పైకి తీయాలి. సూది లోపల ఉండగా నేను దాన్ని పక్కకు వంచి ఉన్నిని సర్దబోయాను, అంతే. మొన ముక్క స్వెట్టర్లో ఉండిపోయింది. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం బట్ట మీద తిప్పితే అంటుకుని వచ్చింది. ఆ రోజు నుంచి అయస్కాంతం పనిపెట్టెలోనే ఉంది. ఒంటికి వేసుకునే బట్టలో సూది మొన ఉండిపోవడం చిన్న విషయం కాదు. విరిగిన ముక్కలు రెండూ చేతికి దొరికేదాకా పని ముందుకు సాగనివ్వకండి.

ఇప్పటికి: ఖర్చు 1,190. సమయం 1 గంట 20 నిమిషాలు (దారంతో కుట్టినది లెక్కలో లేదు). విరిగిన సూదులు 1. ఈ పద్ధతిలో పూడినవి 0/15.

3వ దశ: నాన్న స్వెట్టర్, ఏడు చిల్లులు (నవంబరు 24 – డిసెంబరు 3)

*మొదటి చిల్లు, 6 మిల్లీమీటర్లు.* ఇక్కడ రెండు తప్పులు చేశాను. ఒకటి, త్వరగా అవుతుందని లావు సూది 36 తీసుకోవడం. సన్నటి అల్లిక మీద అది దిగిన ప్రతి చోటా మొటిమ మచ్చలాంటి గుంట మిగిలింది. రెండు, ఉన్ని ఎక్కువ పెట్టడం. చిల్లు కనబడకూడదన్న ఆత్రంలో చిటికెడు మీద చిటికెడు వేశాను. వేలితో తడిమితే శనగగింజ అంత గడ్డ తగులుతోంది. ఉతికాక 22 మిల్లీమీటర్ల మాసిక 18కి కుదించుకుపోయి చుట్టూ బట్టను ముడతలు పడేలా లాగేసింది.

ఎంత పెట్టానో తెలుసుకుందామంటే వంటింటి కాటా ఒక గ్రాము కంటే తక్కువ చూపించదు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా 350 పెట్టి కొన్నాను. అదే అంచనాతో మళ్ళీ చిటికెలు తీసి తూస్తే 0.26 గ్రాములు. ఆ చిల్లుకు సరిపోయేది 0.07. అంటే దాదాపు నాలుగింతలు పెట్టాను.

ఈ పని మొత్తంలో నాకు బాగా అర్థమైనది ఇదే. ఎన్ని పోట్లు పొడిచామన్నది అంత ముఖ్యం కాదు, ఎంత ఉన్ని పెట్టామన్నదే ముఖ్యం. కాటా లేనివాళ్ళకు ఒక దారి ఉంది: బట్టను కిటికీకి అడ్డంగా పట్టుకుంటే మాసికలోంచి, పక్కనున్న అల్లికలోంచి ఒకే అంత వెలుగు రావాలి. మాసిక నల్లగా కనిపిస్తే ఉన్ని ఎక్కువైనట్టు.

గడ్డను గోళ్ళ కత్తెరతో పొరలు పొరలుగా పలచన చేసి, మిగిలినది పట్టకారుతో పీకి, మళ్ళీ వేశాను. ఉతక్కముందే అయితే మాసిక మొత్తం లాగితే వచ్చేస్తుంది. ఉతికాక రాదు. కాబట్టి అనుమానం ఉంటే తడపకండి.

*రెండో చిల్లు, 4 మిల్లీమీటర్లు.* రంగు కుదరలేదు. బూడిదరంగు ఉన్ని కొన్నాను కానీ అది ఒకే చదునైన రంగు. స్వెట్టర్ బూడిదరంగు దగ్గరగా చూస్తే తెల్ల పోగులు, నల్ల పోగులు, అక్కడక్కడా నీలం. కుక్కల జుట్టు దువ్వే తీగల బ్రష్షులు రెండు కొని (360), ఒకదాని మీద ఉన్ని పెట్టి రెండోదానితో ఎదురు దువ్వాను. ఏడెనిమిది సార్లు దువ్వితే రంగులు కలుస్తాయి. తెలుపు 3 పాళ్ళు, నలుపు 1, నీలం చిటికెలో పదోవంతు. పూర్తిగా కలిసిపోయేదాకా దువ్వకూడదు, పోగులు విడివిడిగా కనిపిస్తూనే ఉండాలి.

రాత్రి ఎల్ఈడీ దీపం కింద చక్కగా కలిసిన రంగు పొద్దున కిటికీ దగ్గర పచ్చగా తేలింది. రంగు చూడడం పగటి వెలుగులోనే.

*మూడో చిల్లు, 3 మిల్లీమీటర్లు.* అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది. అంచున వేలాడుతున్న రెండు పోగులు అందవికారంగా ఉన్నాయని కత్తిరించాను. ఫోమ్ మీద బట్టను కాస్త లాగి పరచగానే లూపు జారి, దాని కింద లూపు జారి, నిచ్చెనలా నాలుగు వరసలు విడిపోయాయి. 3 మిల్లీమీటర్లది 11 అయింది.

అల్లిన బట్టలో ఒక్కో లూపు పక్కదాన్ని పట్టుకుని ఉంటుంది. తెగిన చోట నోరు తెరిచిన లూపులను ముందు కట్టేయాలి, తర్వాతే సూది ముట్టుకోవాలి. స్వెట్టర్ పక్క కుట్టు లోపల మిగులు పోగు ఉంటుంది. అది ఒక జానెడు లాగి, మామూలు సూదికి ఎక్కించి, చిల్లు చుట్టూ తెరిచి ఉన్న ప్రతి లూపులోంచీ దూర్చి, లాగకుండా వదులుగా ముడి వేయాలి. వేలాడే పోగులను కత్తిరించకుండా లోపలికి మడవాలి. అవి కూడా మాసికలో భాగమే, రంగు కచ్చితంగా కలిసే ఉన్ని అదొక్కటే.

నాలుగో చిల్లు నుంచి స్థిరపడిన పద్ధతి:

1. అంచు లూపులను సొంత పోగుతో కట్టాలి.
2. చిల్లుకు అన్ని వైపులా 6 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చేలా ఉన్ని తీసుకుని సగం చేయాలి.
3. మొదటి సగం నిలువు పోగులుగా, రెండో సగం అడ్డంగా పరచాలి. అంచులు పలచగా కరిగిపోవాలి, కత్తిరించినట్టు ఉండకూడదు.
4. 40 నంబరు సూదితో అంచుల నుంచి లోపలికి, నిటారుగా పొడవాలి. లోతు అర సెంటీమీటరు చాలు.
5. ప్రతి 30, 40 పోట్లకు బట్టను ఫోమ్ నుంచి మెల్లగా ఎత్తి మళ్ళీ పెట్టాలి. లేకపోతే ఫోమ్‌తో కలిపి అట్టకడుతుంది.
6. మూడింట రెండు వంతులు పైవైపు నుంచి, మిగతాది తిరగేసి లోపలి నుంచి.
7. వెలుగుకి పట్టి చూడాలి. పలచగా ఉన్న చోటే ఇంకొంచెం ఉన్ని.

అయిదో చిల్లు దగ్గర ఒకటి, ఆరో చిల్లు దగ్గర ఇంకొకటి సూదులు విరిగాయి. రెండూ 40. ఆరోది రాత్రి పదకొండు దాటాక చేసినది. నిద్ర కళ్ళతో ఈ పని చేయకండి, ఎడమ చూపుడు వేలికి కూడా దిగింది. గాటు పెట్టిన సూది కాబట్టి మామూలు సూది కంటే ఎక్కువ నొప్పి.

ఉతుకు పరీక్ష: 30 డిగ్రీల నీళ్ళు, కొద్దిగా షాంపూ, పది నిమిషాలు, రుద్దకుండా. తువాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టడం. మబ్బులకు ఆరడానికి రెండు రోజులు పట్టింది. బట్టల పొడి వాడలేదు. మరకలు తీయడానికి చాలా పొడుల్లో మాంసకృత్తులను కరిగించే ఎంజైములు కలుపుతారు. ఉన్ని కూడా మాంసకృత్తే, దాన్నీ కొరుకుతాయి.

ఉతికాక కొలతలు: 14 మిల్లీమీటర్ల చిల్లు మీది 26 మిల్లీమీటర్ల మాసిక 25 అయింది. మిగతావి ఒక మిల్లీమీటరు లోపే తగ్గాయి. ముడతలు లేవు.

ఏడు మాసికలకు కలిపి పట్టిన ఉన్ని 0.54 గ్రాములు. నేను కొన్నది 50 గ్రాములు. మీరు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. తెలుపు, నలుపు, ఇంకో రెండు మూడు రంగులు అయిదేసి గ్రాములు ఉంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

ఇప్పటికి: ఖర్చు 1,900. సమయం 7 గంటల 30 నిమిషాలు. విరిగిన సూదులు 3. పూడినవి 7/15.

4వ దశ: అమ్మ స్వెట్టర్, మోచేయి (డిసెంబరు 6 – 21)

రెండు చిన్న చిల్లులు పై పద్ధతిలోనే నలభై నిమిషాల్లో అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

మోచేయి వేరే కథ. అక్కడ చిల్లు లేదు, 50 మిల్లీమీటర్ల మేర అల్లిక అరిగి దోమతెరలా మిగిలింది. 0.6 గ్రాముల ఉన్నితో గంటా పది నిమిషాలు పొడిచాను. స్వెట్టర్ చేతి లోపల ఫోమ్ చుట్టి పెట్టడం మర్చిపోతే చేతి రెండు పక్కలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ జాగ్రత్త తీసుకున్నాను. చూడడానికి నున్నగా వచ్చింది. అమ్మ తొమ్మిది రోజులు పొద్దున వాకింగ్‌కి వేసుకుంది. తొమ్మిదో రోజు చూస్తే మాసిక పైఅంచు లేచి, కింద వేలు దూరేంత సందు.

"మోచేయి ముడిచినప్పుడల్లా అట్టముక్క పెట్టినట్టు తగులుతోందే" అని మొదటి రోజే అంది అమ్మ. నేనే పట్టించుకోలేదు.

టేపు పెట్టి కొలిచాను. అమ్మ మోచేయి చుట్టుకొలత చేయి చాపినప్పుడు 26 సెంటీమీటర్లు, ముడిచినప్పుడు 29. అల్లిక సాగుతుంది, అట్టకట్టిన ఉన్ని సాగదు. ముడిచిన ప్రతిసారీ ఆ మూడు సెంటీమీటర్ల లాగుడు మాసిక అంచు మీదే పడుతోంది.

ఇంకో కారణం కూడా ఉందేమో చూద్దామని, ఈ స్వెట్టర్ కుట్టులోంచి పోగు లాగి, రెండు ముక్కలు చేసి, కొసలు విడదీసి, తడిపి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దాను. నాన్న స్వెట్టర్ పోగు ఇలా రుద్దితే అరనిమిషంలో అతుక్కుని ఒకే పోగయింది. ఇది ఎంత రుద్దినా అతకలేదు. లోపలి లేబుల్ మీద మెషీన్లో ఉతకవచ్చన్న గుర్తు ఉంది. అలాంటి ఉన్నికి మెషీన్లో కుదించుకుపోకుండా పొలుసులను అణిచే మందు పెడతారు. మన పనికి కావాల్సింది ఆ పొలుసులే. సూదితో పొడిస్తే నిలుస్తుంది కానీ పట్టు తక్కువ. పొడవడానికి ముందు లేబుల్ చదవడం, పోగు రుద్ది చూడడం రెండూ నిప్పు పరీక్షతో పాటు చేర్చుకున్నాను.

మార్చినది: చిక్‌పేటలో సన్నటి మెరూన్ ఊలు ఉండ కొని (60 రూపాయలు), అరిగిన చోట లోపలి వైపు రఫ్ఫు కుట్టాను. 5 మిల్లీమీటర్లకు ఒక వరస నిలువుగా, దాన్ని ఒకటి వదిలి ఒకటి దాటుతూ అడ్డంగా. అంచుల్లో ప్రతి వరస చివరా ఒక చిన్న లూపు వదులుగా వదిలాను, సాగడానికి. ఆ జాలీ మీద ఈసారి 0.25 గ్రాములు మాత్రమే పరిచి, చేతిని ముడిచిన ఆకారంలో ఫోమ్ మీద వంచి పెట్టి పొడిచాను. లాగుడు ఊలు జాలీ మోస్తుంది, ఉన్ని సందులు మాత్రం నింపుతుంది. 2 గంటల 40 నిమిషాలు పట్టింది.

ఇప్పటికి: ఖర్చు 1,960. సమయం 12 గంటలు. విరిగిన సూదులు 3. పూడినవి 10/15.

5వ దశ: శాలువా, నేను చేయనిది (డిసెంబరు 22)

శాలువా అల్లినది కాదు, నేసినది. పడుగు, పేక రెండూ జుట్టంత సన్నం. మూలన కనిపించని చోట 40 సూదితో పది పోట్లు పొడిచి చూశాను. పదీ పది చుక్కల్లా కనిపించాయి. సూది పోగును పక్కకు జరపడం లేదు, తెంపుతోంది. అక్కడితో ఆపేశాను.

కమర్షియల్ స్ట్రీట్ వెనక సందులో రఫ్ఫు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. శాలువా అంచులోంచే పోగులు తీసి, ఒక్కో పోగూ పడుగులో పేకలో దూర్చి నేసినట్టే నేశారు. రెండు చిల్లులకు 500. నేను పొడిచిన మూల చూసి, "ఇదెవరు చేశారమ్మా?" అన్నారు. నేనే అని చెప్పాను. "చిల్లులు నేను పూడుస్తాను. ఇక్కడ పోగు సగం తెగి సగం ఉంది. దీన్ని ఏం చేయలేను, ముందే తెచ్చుంటే బాగుండేది" అన్నారు.

ఆ పది చుక్కలు అలాగే ఉన్నాయి. అత్తయ్యకు చూపించి చెప్పాను.

ఇప్పటికి: ఖర్చు 2,460. సమయం 12 గంటల 15 నిమిషాలు. నేను పూడ్చినవి 10, రఫ్ఫు 2, దారంతో కుట్టినది 1. మిగిలినవి 2, రెండూ కంబళివే.

6వ దశ: తాత కంబళి (డిసెంబరు 27 – జనవరి 11)

ఇంతసేపూ మిగతావాటి మీద చేయి తిప్పింది దీని కోసమే. మడకశిర దగ్గర మా ఊళ్ళో తాత శనగకాయల చేని కాపలాకి పోయేటప్పుడు కప్పుకున్నది. నెగడు దగ్గర పడుకుంటే నిప్పురవ్వ పడింది. ఉన్ని కాబట్టి మంట రేగలేదు, అంతవరకే కాలి ఆరిపోయింది. తాతకు ఇప్పుడు ఎనభై మూడు. బెంగళూరులో అమ్మ దగ్గర వదిలిన కంబళి చలికాలం వచ్చినప్పుడల్లా అడుగుతాడు.

1.2 × 2.4 మీటర్లు, 2.1 కిలోలు. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని, గుంటమగ్గం మీద నేసినది. పడుగుకు చింతగింజల గంజి పెట్టి నేస్తారు, అందుకే కొత్తలో నిలబెడితే నిలబడేంత బిరుసుగా ఉంటుంది.

*మొదటి ప్రయత్నం, నల్ల మెరినో.* నా దగ్గర మిగిలిన ఉన్నిలో నలుపు ఉంది కదా అని అదే పెట్టాను. ముప్పావు గంట తర్వాత చూస్తే కంబళి మధ్యలో వెల్వెట్ బొట్టు. రంగు వేసిన నలుపు కాటుకలా ఉంది. గొర్రె నలుపు ఎండలో గోధుమరంగు తిరుగుతుంది. పోగు కూడా కలవలేదు. మెరినో మెత్తన, ఇది వెంట్రుకలా ముతక. పీకేశాను.

*రెండో ప్రయత్నం, కంబళి సొంత ఉన్ని.* తీగల బ్రష్షుతో కంబళి అంతటా పైపైన దువ్వితే 1.4 గ్రాములు వచ్చింది. రంగు అదే, పోగు అదే. కానీ చాలదు. ఎంత కావాలో లెక్క వేశాను: 2,100 గ్రాములను 2.88 చదరపు మీటర్లతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.073 గ్రాములు. చిల్లు దాదాపు 10.6 చదరపు సెంటీమీటర్లు, అంటే చిల్లుకే 0.77. చుట్టూ అంచు కలిపి మాసిక 70 × 55 మిల్లీమీటర్లు కావాలి, అంచు మీద సగం మందం. మొత్తం 1.5 దాకా పడుతుంది. పొడిచేటప్పుడు రాలేది, ఎలుక కొట్టినది కూడా చూసుకుంటే 3 గ్రాములు ఉండాలి.

అమ్మ ఊరికి ఫోన్ చేసింది. గొర్రెలు కత్తిరించినప్పుడు మిగిలిన నల్ల ఉన్ని ఒక గుప్పెడు, 60 గ్రాములు, ఎవరో బస్సులో వస్తూ తెచ్చిచ్చారు. మట్టి, పల్లేరు ముళ్ళు, జిడ్డు. కుంకుడుకాయ నీళ్ళలో మూడుసార్లు నానబెట్టి, పిండకుండా వంచి, ఆరబెట్టి తూస్తే 43 గ్రాములు. నానబెట్టినప్పుడు చేత్తో కలియబెట్టకూడదు. వేడినీళ్ళలో కలియబెడితే అక్కడే అట్టకట్టేస్తుంది.

తర్వాత పని ఇలా సాగింది:

1. కాలిన అంచు వేళ్ళతో నలిపాను. మసి పూసలు పొడై రాలిపోయాయి, గట్టి అంచు పోయి మెత్తటి పోగులు బయటపడ్డాయి. చిల్లు 45 × 30 నుంచి 48 × 33 అయింది. ఇది తప్పదు. మసి మీద ఉన్ని పట్టదు.
2. కంబళి కొసన వేలాడే కుచ్చు దారాలు నాలుగు తీసి, చిల్లుకు అడ్డంగా, నిలువుగా 8 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున కట్టాను. 1 గంట.
3. ఫోమ్ చాలలేదు. సూది కంబళి మందం దాటి దిగాలంటే లోతు కావాలి, ఆ లోతుకి ఫోమ్ నలిగి పసుపు పొడి కంబళి వెనక అంటింది. గోనెసంచి ముక్కతో చిన్న దిండు కుట్టి కిలో బియ్యం పోశాను. సూది బియ్యం గింజల సందుల్లో జారుతుంది. గోనె పీచులు నాలుగైదు అంటాయి, పట్టకారుతో తీసేయొచ్చు.
4. దువ్విన ఉన్ని నాలుగు పొరలు, పొర పొరకూ దిశ మార్చి. మొదటి రెండు కొత్త ఉన్ని, పై రెండు కంబళి నుంచి దువ్వినది.
5. 36 సూది. 38తో అరగంట పొడిచినా ఈ ముతక పోగు పైనే తేలింది, 36తో పది నిమిషాల్లో దిగింది. నాన్న స్వెట్టర్‌ను పాడు చేసిన సూదే ఇక్కడ సరైనది. పొడవడం మొత్తం రెండున్నర గంటలు. ఒక 36 విరిగింది.
6. గోరువెచ్చని కుంకుడు నురుగు అద్ది, అరచేత్తో ఇరవై నిమిషాలు గుండ్రంగా రుద్దాను. 73 × 58 ఉన్న మాసిక 70 × 56కి వచ్చి గట్టిపడింది.

ఆరాక ఒక లోపం మిగిలింది. చుట్టూ కంబళి బిరుసు, మాసిక మెత్తన. ఎత్తి పట్టుకుంటే అక్కడ కుంగుతోంది. ఇంకా పొడవాలా అని నేను ఆలోచిస్తుంటే, "గంజి పెట్టవే, చింతగింజల గంజి" అంది అమ్మ. నేసేవాళ్ళు పడుగుకు పెట్టేదే కదా. పది చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, పలచగా కాచి, మాసిక వెనక వైపు బ్రష్షుతో ఒక్క పూత పూశాను. ఎండాక కుంగు పోయింది.

ఎలుక కొట్టిన చిల్లు అదే పద్ధతిలో, జాలీ లేకుండా, యాభై నిమిషాలు.

ఈ దశ సమయం: మెరినో 45 నిమిషాలు, ఉన్ని కడగడం, దువ్వడం 2 గంటలు, జాలీ 1 గంట, పొడవడం 2 గంటల 30, రుద్దడం 20, రెండో చిల్లు 50. మొత్తం 7 గంటల 25 నిమిషాలు. పట్టిన ఉన్ని రెండింటికీ కలిపి 2.6 గ్రాములు.

ఇప్పటికి: ఖర్చు 2,460 (రఫ్ఫు కూలి కలిపి). సమయం 19 గంటల 40 నిమిషాలు. విరిగిన సూదులు 4, మిగిలినవి 11. నేను సూదితో పూడ్చినవి 12, రఫ్ఫు 2, దారంతో కుట్టినది 1. మొత్తం 15/15.

జనవరి 25, మళ్ళీ కొలిచినవి

నాన్న స్వెట్టర్: మూడు ఉతుకులు. మొదటి చిల్లు చోట 36 సూది గుంటలు కొన్ని ఇంకా ఉన్నాయి, మిగతా ఆరు మాసికలు కదల్లేదు. మూడోదాని మీద కొద్దిగా ఉండలు కట్టింది, గోళ్ళ కత్తెరతో తీశాను.

మోచేయి: అయిదు వారాల్లో ఇరవై ఎనిమిది రోజులు తొడిగింది అమ్మ. అంచు లేవలేదు. బయటి వైపు ఒక చోట జాలీ ఊలు కనిపిస్తోంది, 4 మిల్లీమీటర్లు. అక్కడ ఇంకో 0.03 గ్రాములు వేయాలి.

కంబళి: సంక్రాంతికి అమ్మ ఊరికి తీసుకెళ్ళి ఇచ్చింది. తాత ఆ రాత్రి దీపం ఆర్పాక చిల్లు ఎక్కడుందా అని వేళ్ళతో తడిమి వెతికాడట, దొరకలేదట. పొద్దున ఎండలో పరిచాక చూసి, "ఇదిగో, ఇక్కడ" అన్నాడట. పగటి వెలుగులో కనిపిస్తుంది. కొత్త ఉన్ని పాతదాని కంటే ఒక ఛాయ నలుపు. తాత దగ్గర స్కేలు లేదు. శివరాత్రికి నేను వెళ్ళినప్పుడు కొలుస్తాను.